చెప్పులు విడిచే ఇంటికి ఎలాంటి చెక్క?

మా వంటింటి నేల పాడైన సంగతి నాకు కళ్లకంటే ముందు పాదాలకు తెలిసింది. జూన్ నెలలో ఒక ఉదయం లైటు కూడా వేయకుండా పాలు కాచుకోవడానికి వెళ్లాను. ఫ్రిజ్ ముందు మూడు నాలుగు అడుగుల మేర నేల ఒట్టి కాళ్లకు అలలు అలలుగా తగిలింది. లైటు వేసి, చెంప నేలకు ఆనేంత కిందికి వంగి చూశాను. ఒక్కొక్క చెక్క బద్ద రెండు అంచుల దగ్గర పైకి లేచి మధ్యలో పల్లంగా, వెల్లకిలా పడుకోబెట్టిన నాటుపెంకులా ఉంది. ఫ్రిజ్‌లో మంచు ముక్కలు తయారయ్యే అరలోకి నీళ్లు తీసుకువెళ్లే సన్నటి గొట్టం వెనక ఎక్కడో చిట్లింది. ఎన్నాళ్ల నుంచో చుక్క చుక్కగా కారుతోంది. పైన ఒక్క చుక్క కూడా కనబడలేదు. నీరంతా చెక్క కిందికి చేరింది.

మేము న్యూజెర్సీలో ఉంటాం. 1986లో కట్టిన ఇల్లు కొన్నాం. ముందుగదిలో కార్పెట్ మూల ఎత్తి చూస్తే కింద రెండుంపావు అంగుళాల వెడల్పు ఎర్ర ఓక్ బద్దలు, చిన్న గీతలు తప్ప చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రోజు మా ఆనందం ఇంతా అంతా కాదు. వంటింట్లో మాత్రం పాత వినైల్ షీటు ఉండేది. ఇల్లు చూపించిన ఏజెంటు, చెక్క వేసిన కాంట్రాక్టరు ఇద్దరూ ఒకే మాట అన్నారు: కింది అంతస్తు మొత్తం ఒకే చెక్క పరిస్తే ఇల్లు పెద్దదిగా కనిపిస్తుంది, రేపు అమ్మేటప్పుడు ధర పెరుగుతుంది. సరేనన్నాం. ముందుగది ఎర్ర ఓక్‌నే వంటింటి దాకా, సింకు కింది దాకా, ఫ్రిజ్ వెనక దాకా పొడిగించాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ఖచ్చితంగా చెబుతాను. ఆ సలహా తప్పు. ఇల్లంతా ఒకే చెక్క అనేది ఇల్లు అమ్మేవాళ్ల అందం. ఆ ఇంట్లో వండుకుని, పూజ చేసుకుని, పిల్లలను పెంచుకునేవాళ్లు గదిని చూసి చెక్కను ఎంచుకోవాలి. కొన్ని గదుల్లో చెక్క వద్దనుకోవడం కూడా ఆ ఎంపికలో భాగమే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చెక్క నేల గురించి ఇక్కడ దొరికే సలహాల్లో చాలా వరకు బూట్లతో ఇల్లంతా తిరిగే కుటుంబాలను మనసులో పెట్టుకుని రాసినవి. మనం చెప్పులు గడప బయట విడుస్తాం. ఈ ఒక్క అలవాటు లెక్కంతా మార్చేస్తుంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

దుకాణంలోకి వెళ్లగానే ప్రతి నమూనా వెనక ఒక సంఖ్య కనిపిస్తుంది. దాన్ని జాంకా సంఖ్య అంటారు. ఆస్ట్రియాలో పుట్టిన గాబ్రియేల్ జాంకా 1906లో ఈ పరీక్ష రూపొందించాడు. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గోళీని చెక్కలోకి సగం వరకు దిగేలా నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో కొలుస్తారు. ఎర్ర ఓక్‌కు 1290, తెల్ల ఓక్‌కు 1360, హార్డ్ మేపుల్‌కు 1450, హికరీకి 1820. అమెరికన్ వాల్‌నట్‌కు 1010 మాత్రమే. సంఖ్య పెరిగేకొద్దీ మంచి చెక్క అని అమ్మేవాళ్లు చెబుతారు. కొనేవాళ్లు నమ్ముతారు. మా స్నేహితుల్లో ఒక జంట ఆ సంఖ్య చూసే, ఇష్టం లేకపోయినా, వాల్‌నట్ వదిలి హికరీ వేయించుకుంది. హికరీలో లేతరంగూ ముదురురంగూ పక్కపక్కనే గట్టిగా కలబడతాయి. ఆ చారలు వాళ్లకు మొదటి రోజే నచ్చలేదు.

ఆ గోళీ కొలిచేది ఒక్కటే: బరువైనది పడితే లేక గుచ్చుకుంటే చెక్క ఎంత లోతు సొట్టపడుతుందని. హైహీల్స్ మడమలకు, పని బూట్లకు, పెద్ద కుక్కల గోళ్లకు ఆ లెక్క అవసరమే. చెప్పులు గరాజు తలుపు దగ్గరే ఆగిపోయే ఇంట్లో అంత గట్టిదనం దేనికి? మా ఇంట్లో నేల మీద పడే బరువైన వస్తువులు ఇత్తడి చెంబు, కల్వం రోకలి, పిల్లవాడి ఇనుప బొమ్మ బండి. అవి పడితే హికరీ అయినా సొట్టపోతుంది. గీతల సంగతి వేరు. రోజూ కనిపించే సన్న గీతలు చాలా వరకు చెక్క మీద పడవు, దాని పైపూత మీద పడతాయి. అవి ఇసుక రేణువుల వల్ల వచ్చేవి. బూట్లు లోపలికి రాని ఇంట్లో ఆ ఇసుకలో చాలా భాగం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పడకగదికీ, పైఅంతస్తు హాలుకూ వాల్‌నట్ నచ్చితే నిర్భయంగా వేసుకోమంటాను. ఒట్టి పాదాల కింద అది పదిలంగానే ఉంటుంది.

మనకు ఉన్న ప్రమాదం వేరే చోట ఉంది. చెప్పులు విడిచే మనమే నీళ్లను ఇంట్లో ధారాళంగా వాడతాం. తలస్నానం చేసి తడి కాళ్లతో దేవుడి గదికి నడుస్తాం. బియ్యం కడుగుతాం, ఆకుకూరలు మూడుసార్లు జాడిస్తాం, రుబ్బిన పిండి గిన్నెలోకి తీస్తూ అంచు మీంచి కారుస్తాం. అన్నిటికీ మించి, ఇల్లు తుడవడం అంటే మనకు బకెట్టు, నీళ్లు, తడిగుడ్డ. ఈ అలవాట్లన్నీ బండ మీద నడిచినవాళ్లవి. అందుకే తెలుగు ఇంటికి చెక్క ఎంచుకునేటప్పుడు జాంకా సంఖ్యకంటే ముందు, ఏ చెక్క నీటిని ఎలా పట్టుకుంటుంది, తేమకు ఎంత కదులుతుంది అన్నవి అడగాలి.

ఎర్ర ఓక్, తెల్ల ఓక్ పేరుకు అన్నదమ్ములు. గట్టిదనంలో తేడా కొద్దిపాటిదే. నీటి దగ్గర మాత్రం వాటికి పొంతన లేదు. వంటింట్లో ఊడదీసిన ఒక ఎర్ర ఓక్ ముక్కను నాలుగంగుళాల పొడవున కోయించి మా అబ్బాయికి ఇచ్చాను. సబ్బు నీళ్ల గ్లాసులో ఒక కొస ముంచి, రెండో కొసకు పెదవులు ఆనించి ఊదమన్నాను. బుగ్గలు పొంగించి ఊదాడు. గ్లాసులో బుడగలు వచ్చాయి. చెక్కలోంచి గాలి! కొస వైపు తిప్పి వెలుతురులో పెట్టి చూస్తే సన్న సూది బెజ్జాలు వరసలుగా కనిపించాయి. అవి చెట్టు నీటిని పైకి పంపిన గొట్టాలు. ఎర్ర ఓక్‌లో అవి చెట్టు నరికిన తరువాత కూడా తెరుచుకునే ఉంటాయి. తెల్ల ఓక్ ముక్క ఇస్తే ముఖం ఎర్రబడేదాకా ఊదాడు, ఒక్క బుడగ రాలేదు. తెల్ల ఓక్ చేవలో, అంటే మాను నడిమి గట్టి భాగంలో, ఆ గొట్టాలను టైలోసిస్ అనే పొరలు మూసేస్తాయి. ద్రాక్షసారాయి నిల్వ చేసే పీపాలను తెల్ల ఓక్‌తో చేసేది అందుకే. ఎర్ర ఓక్‌తో చేస్తే పీపా కారుతుంది. మా వంటింటి కింద నీళ్లు బద్ద వెంబడి అంత దూరం ఎలా పాకాయో ఆ గ్లాసులోని బుడగలే చెప్పాయి.

ఎత్తి చూసిన బద్దల వెనక మేకులు దిగిన చోటల్లా నల్లటి మచ్చలు. బూజేమో అనుకుని మొదట భయపడ్డాను. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. దానికి తడి, ఇనుము తోడైతే నలుపు పుడుతుంది. ఇది మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి తరతరాలుగా తెలిసిన విద్యే. బట్టకు కరక్కాయ పట్టించి, ఇనుము, బెల్లం నానబెట్టిన ద్రవంతో గీత గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ టానినే. బట్ట మీద అందమైన గీత, నేల మీద పోని మచ్చ. ఓక్ నేల మీద తడిసిన ఇనుప మూకుడో, దోసెల పెనమో ఒక రాత్రి ఉంచితే పైపూత అరిగిన చోట ఇదే జరుగుతుంది. అందుకని ఆ రెండింటినీ నేల మీద పెట్టనివ్వను.

నేల పొంగాక మాకు దొరికిన మొదటి సలహా మరీ ప్రమాదకరమైనది. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, లేచిన అంచులను మెషీన్‌తో వెంటనే అరగదీసి సమం చేస్తానన్నాడు. మూడు రోజుల పని అన్నాడు. మా అదృష్టం కొద్దీ, నలభై ఏళ్లు ఇదే పనిలో ఉండి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన మా వీధిలో ఉన్నాడు. ఆయన రెండు సూదులున్న తేమ మీటరు తెచ్చి నేలకు గుచ్చాడు. వంటింట్లో 14 శాతం, ముందుగదిలో 8. బద్ద కింది భాగం తడిసి ఉబ్బింది, పైభాగం ఆరి ఉంది, అందుకే అంచులు లేచాయి అని వివరించాడు. ఇప్పుడు అంచులు కోసేస్తే, కింది తడి ఆరాక బద్ద తన పాత ఆకారానికి వస్తుంది. అప్పుడు కోసేసిన అంచులు పల్లమై మధ్య భాగం గూని వీపులా పైకి నిలుస్తుంది. ఇక దాన్ని మళ్లీ అరగదీయాలి, చెక్క ఇంకా పలచబడాలి. "రెండు గదుల్లోనూ మీటరు ఒకే మాట చెప్పేదాకా ముట్టుకోవద్దు" అన్నాడు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ అలల మీదే నడిచాం. చాలా బద్దలు వాటంతట అవే చదునయ్యాయి. ఫ్రిజ్ ముందున్నవి మాత్రం బాగుపడలేదు.

అక్టోబరులో వంటింట్లో చెక్క పూర్తిగా తీయించేశాం. సింకు, పొయ్యి, ఫ్రిజ్, డిష్‌వాషర్ ఉన్న మేర అంతా పింగాణీ టైల్స్ వేయించాం. భోజనాల బల్ల ఉన్న చోటు నుంచి మళ్లీ చెక్క మొదలవుతుంది. రెండింటి మధ్య తెల్ల ఓక్ పట్టీ ఒకటి. చూసినవాళ్లు నేల ముక్కలైందని అంటారు. నాకు అలా అనిపించదు. వంట చేసే చోటు, తినే చోటు వేరని నేలే చెబుతోంది. వంటింట్లో కూడా చెక్కే కావాలని పట్టుబట్టేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: తెల్ల ఓక్ తప్ప మరొకటి వద్దు, పూత చెక్క పరిచాక గదిలోనే వేయించండి. ముందే పూత వేసి పెట్టెల్లో వచ్చే పలకల మధ్య సన్న సందులుంటాయి. గదిలో వేసిన పూత ఆ సందుల మీదుగా కూడా పాకుతుంది, పైన ఒలికిన చెంచాడు నీరు కిందికి దిగే లోగా తుడుచుకునే వ్యవధి దొరుకుతుంది. గొట్టం పగిలితే మాత్రం ఏ పూతా కాపాడదు.

ఒకే నేల, ఒకే చెక్క అని వాదించేవాళ్లు ఎవరైనా బంతి దొర్లించి పిన్నులను పడగొట్టే ఆటకు వేసే బాట, పాత తరహా బౌలింగ్ లేన్ ఒకటి, వంగి చూడాలి. బంతి దభీమని పడే మొదటి పదిహేను అడుగులూ మేపుల్. బంతి మెత్తగా దొర్లే మధ్య భాగం పైన్. పిన్నులు నిలబెట్టే చివర మళ్లీ మేపుల్. ఒక్క దారిలోనే, దెబ్బ ఎక్కడ పడుతుందో చూసి చెక్క మార్చారు. ఇంట్లో అంతకంటే ఎక్కువ తేడాలే ఉంటాయి కదా.

ముందుగది విషయానికి వస్తాను. ఇప్పుడు అందరికీ ఏడంగుళాలు, తొమ్మిది అంగుళాలు వెడల్పు ఉన్న పలకలు కావాలి. చూడటానికి బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ చెక్క నేలగా పరిచాక కూడా గాలిలో తేమను తాగుతుంది, వదులుతుంది. న్యూజెర్సీ వేసవిలో గాలి చిత్తడి. చలికాలంలో ఫర్నేస్ వేడికి ఇంట్లో గాలి పెదవులు పగిలేంత పొడి. చెక్కలో తేమ 10 శాతం నుంచి 6 శాతానికి పడిపోతే, మామూలుగా కోసిన ఓక్ అయిదంగుళాల పలక దాదాపు రెండు మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. మా రెండుంపావు అంగుళాల బద్దకు అది ఒక మిల్లీమీటరుకు లోపే. కుంచించుకున్నంతా సందుగా కనిపిస్తుంది. వెడల్పు పలకల మధ్య జనవరిలో వచ్చే సందుల్లో పసుపు, కుంకుమ, మరమరాల పొడి చేరి మళ్లీ జూలైలో అక్కడే బిగుసుకుంటాయి. వెడల్పే కావాలంటే రెండు దారులున్నాయి. దుంగను నాలుగు చీలికలు చేసి, ఏటా వచ్చే వలయాలు పలక ముఖానికి నిలువుగా నిలిచేలా కోసిన చెక్క తీసుకోవడం ఒకటి. దాన్ని ఇక్కడ క్వార్టర్ సాన్ అంటారు. అది వెడల్పులో దాదాపు సగమే కదులుతుంది. ధర ఎక్కువ, ఎందుకంటే అలా కోస్తే దుంగలో వృథా ఎక్కువ. ఓక్‌ను అలా కోస్తే అడ్డంగా పట్టు దారంలాంటి మెరుపు చారలు బయటపడతాయి. మెట్ల పక్క కిటికీ వెలుతురులో ఆ మెరుపు చూసినప్పుడల్లా పెట్టిన ధర గిట్టిందనిపిస్తుంది. రెండోది ఇంజినీర్డ్ చెక్క. కింద ప్లైవుడ్‌లా ఒకదానికొకటి అడ్డంగా అతికిన పొరలు, పైన అసలు చెక్క పొర.

ఇంజినీర్డ్ అనగానే నకిలీ అని మనవాళ్లు మూతి తిప్పుతారు. అది సరికాదు. చూడవలసింది పై పొర మందం. రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే జీవితంలో ఒకసారి అరగదీయడం కూడా అనుమానమే. నాలుగు మిల్లీమీటర్లు ఉంటే రెండు మూడుసార్లు కొత్త చేసుకోవచ్చు. ముప్పాతిక అంగుళం మందం ఉన్న గట్టి చెక్కలోనైనా, ఒక పలక అంచున ఉండే నాలుక పక్క పలక గాడిలో బిగిసే చోటికి పైన ఉండేది ఆరు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అంతవరకే అరగదీయగలం. కిందున్నదంతా ఉత్త బరువు. బేస్‌మెంట్‌లో, కాంక్రీట్ మీద నేరుగా, నేలలోంచి వేడి వచ్చే గదుల్లో గట్టి చెక్క అసలు వద్దు, ఇంజినీర్డే వేయాలి. కాంక్రీట్ ఎప్పుడూ కింది మట్టి తేమను పైకి వదులుతూనే ఉంటుంది.

పిల్లల గదిలో ఏం వేయాలని చాలామంది దిగులుపడతారు. ఏదైనా వేయండి. పిల్లలు నేలను పాడుచేస్తారు, పెద్దయ్యాక అరగదీయిస్తే అయిపోతుంది. వాళ్లు నేల మీద పడుకుని బొమ్మలు వేసుకునే వయసు మళ్లీ రాదు. లేత రంగు, మెరుపు లేని పూత ఉంటే చాలు. చిన్న గీతలు కలిసిపోతాయి.

పూతలో మెరుపు గురించి మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. దుకాణంలో అద్దంలా మెరిసే ముదురు గోధుమరంగు నేల అందరినీ ఆకర్షిస్తుంది. చెప్పులు విడిచే ఇంట్లో అలాంటి నేల మీద ప్రతి పాదముద్రా, అయిదు వేళ్లతో సహా, సాయంత్రపు ఎండలో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. పాదాల చెమట, కొబ్బరినూనె జిడ్డు ఎక్కడికీ పోవు. అందరూ బూట్లు వేసుకునే ఇంట్లో ఈ సమస్యే ఉండదు కాబట్టి దీని గురించి ఎవరూ హెచ్చరించరు. మ్యాట్ పూత, ఓక్ సహజ రంగు. ఇవి రెండూ ఉంటే ఇల్లు రోజంతా శుభ్రంగా కనిపిస్తుంది. నూనె ఆధారంగా చేసిన పాలియురేథేన్ పూత ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది, నీటి ఆధారంగా చేసినది లేతగానే నిలుస్తుంది. లేత ఓక్ కావాలనుకుని మొదటి రకం వేయించుకున్నవాళ్లు రెండేళ్ల తరువాత బాధపడటం చూశాను.

మెట్లకు మేపుల్ మంచిది, అరుగుదలకు ఆగుతుంది. బాస్కెట్‌బాల్ ఆడే హాళ్లలో పరిచేదీ అదే. కాకపోతే మేపుల్ రంగును సమంగా పీల్చుకోదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది. కాబట్టి సహజ రంగులోనే ఉంచాలి. చక్రాల కుర్చీ ఉన్న ఆఫీసు గదిలో మెత్తటి రబ్బరు చక్రాలు పెట్టుకుంటే సరిపోతుంది, చెక్క మార్చనవసరం లేదు. ఎండ బాగా పడే గదిలో మాత్రం రంగు మారే తీరు తెలుసుకుని ఎంచుకోవాలి. వాల్‌నట్ ఎండకు లేతబడుతుంది, అమెరికన్ చెర్రీ ముదురుతుంది. రెండేళ్లు తివాచీ పరిచి ఉంచితే దాని అంచు నేల మీద గీతలా మిగులుతుంది.

దేవుడి గది గురించి ఇంగ్లీషులో రాసిన ఏ సలహాలోనూ దొరకదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇక్కడ చాలా ఇళ్లలో దేవుడి గది అంటే ముందుగదిలో ఒక మూల, లేదా బట్టల అలమారా స్థలం. కింద చెక్కే ఉంటుంది. దీపం కుందిలోంచి నూనె కారుతుంది. అభిషేకం నీళ్లు ఒలుకుతాయి. పసుపు తడిస్తే ఏ పూతలోనైనా ఇంకుతుంది. హారతి పళ్లెం వేడిగా నేల మీదికి దిగుతుంది. మేము రాళ్లు కోసే దుకాణంలో మిగిలిపోయిన నల్ల గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చి, అంచులు నునుపు చేయించి, మందిరం ముందు మూడడుగుల మేర పరిచాం. కింద చిన్న రబ్బరు బిళ్లలు పెట్టాం, గాలి ఆడాలి కదా. కొబ్బరికాయ కొట్టేది మాత్రం ఇంటి బయట మెట్టు మీదే.

మా అమ్మ వేసవిలో వచ్చి ఆరు నెలలు ఉంటుంది. కింది అంతస్తులో ఆమె గదికి చెక్క ఎందుకు వేయాలన్న ప్రశ్న రాలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చలికాలంలో టైల్ మీద కాలు పెడితే ప్రాణం పోయినట్టుంటుంది. చెక్క పాదంలోని వేడిని అంత త్వరగా లాక్కోదు. ఆ గదిలో తివాచీ వేయలేదు, అంచు తగిలి పడతారని. స్నానాల గది గుమ్మం దగ్గర మాత్రం టైల్‌ను ఒక అడుగు బయటికి తెచ్చాం, తడి పాదాలు ఆరడానికి.

గొడవ వచ్చింది తడిగుడ్డ దగ్గర. పొద్దున్నే బకెట్టు పట్టుకుని నిలబడిన అమ్మను ఆపితే ఆమె ముఖం చిన్నబోయింది. "నీళ్లు తగలని ఇల్లు ఇల్లేమిటే?" అంది. నేను చెక్క శాస్త్రమంతా చెప్పాను. ఆమె వినలేదు. రెండు రోజుల తరువాత, కూరగాయలు తరుగుతూ, తనంతట తానే ఒక మాట చెప్పింది. కోనసీమలో ఆమె పుట్టింటి మేడ మీద ఒక గదికి నేల చెక్క పలకలదే. దూలాల మీద టేకు పలకలు పరిచి ఉండేవి. కొబ్బరికాయలు, పసుపు కొమ్ములు అక్కడ పోసేవారు. కింద గచ్చు మీద రోజూ నీళ్లు చల్లి కడిగేవాళ్లే పైకి వెళ్లినప్పుడు పొడి చీపురు తప్ప పట్టేవారు కారట. నీళ్ల చెంబు మేడ ఎక్కిస్తే తాతయ్య కేకలేసేవారట. "అది చెక్క, ఇది గచ్చు. దేని మర్యాద దానిది" అంది. మరుసటి రోజు నుంచి వంటింటి టైల్స్ తడిగుడ్డతో ఆమే తుడుస్తుంది. చెక్క మీద గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో నేను తుడుస్తాను. నా వాదన అంతా మా తాతయ్య మేడ మెట్ల దగ్గరే తేల్చేశారని నాకు అప్పుడు తెలిసింది.

ఆ మాటే ఇప్పుడు రాజమండ్రిలో ఉన్న మా తమ్ముడికి పనికొచ్చింది. కొత్త ఇల్లు కడుతున్నాడు. "అక్కా, మీ ఇంట్లోలా కింద హాలంతా చెక్క వేద్దామనుకుంటున్నాను, అమెరికన్ ఓక్ దొరుకుతోంది" అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. గోదావరి గట్టు తేమ, వానాకాలం, చెదలు, బకెట్టు నీళ్లతో తుడిచే పనిమనిషి. కింద హాలుకు తాండూరు నాపరాయో, బేతంచెర్ల బండో వేసుకుంటే మే నెలలో దాని మీద చాప పరుచుకుని పడుకోవచ్చు. ఎండల ఊళ్లో చల్లటి రాయిని కప్పేసి వెచ్చటి చెక్క ఎందుకు? చెక్క కావాలంటే పైఅంతస్తులో పడకగదికి వేయి, అదీ టేకు వేయి అన్నాను.

"టేకు జాంకా వెయ్యి చిల్లరే కదా, ఓక్‌కంటే తక్కువ" అన్నాడు. వాడు కూడా ఆ సంఖ్య చదివాడు. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి తెల్ల ఓక్ వలయాల వెంబడి సుమారు పది శాతం కుంచించుకుంటే టేకు అయిదు శాతం దగ్గరే ఆగుతుంది. చేవలో సహజంగానే నూనె ఉంటుంది, చెదపురుగు దాని జోలికి రాదు. వెయ్యి చిల్లర సంఖ్య ఉన్న ఈ చెక్కనే ఓడల డెక్కులకు, సముద్రపు నీళ్లలో తడిసి ఎండే చోట, వాడుతూ వచ్చారు. కాకపోతే ఇదంతా చేవకే వర్తిస్తుంది. బయటి తెల్ల భాగానికి ఆ గుణం లేదు, చెదలు దాన్ని సుబ్బరంగా తింటాయి. ఇప్పుడు త్వరగా పెంచి త్వరగా నరికే తోటల టేకులో ఆ తెల్ల భాగం ఎక్కువ. కాబట్టి రంపపు మిల్లుకు నువ్వే వెళ్లి ప్రతి పలక రెండు ముఖాలూ చూడు, అంచున పాలరంగు చార కనిపిస్తే పక్కన పెట్టించు అన్నాను.

పోయిన వారం ఫోటోలు పంపాడు. పలకలు పడకగదిలో అడ్డకర్రల మీద, వరసకూ వరసకూ మధ్య గాలి ఆడేలా పేర్చి ఉన్నాయి. పరిచే ముందు ఆ గది గాలికి అలవాటు పడాలని కిటికీలు మూసి, రాత్రిళ్లు ఏసీ వేసి ఉంచుతున్నాడట. వడ్రంగి రోజూ వచ్చి, ఎప్పుడు పరుద్దామని అడిగి వెళుతున్నాడట. తేమ మీటరు నేనే ఇక్కడి నుంచి పంపాను. నిన్న ఉదయం 13 చూపించిందని చెప్పాడు. అదే గదిలో రెండేళ్ల కింద చేయించిన టేకు తలుపుకు గుచ్చితే 11. ఇంకా ఆగమన్నాను.